‘ముందుగల్ల దీన్ని తీసేయున్రి’: శాఖా గ్రంథాలయంలో ఒక ఫిర్యాదు, 24 రోజులు

శనివారం సాయంత్రం ఐదున్నర. పోటీ పరీక్షల అభ్యర్థులతో కుర్చీలన్నీ నిండిపోయాయి. పిల్లల చాప మీద ఏడెనిమిది మంది ఉన్నారు. కౌంటర్లో లైబ్రేరియన్ ఒక్కరే. రెండో తరగతి చదివే కూతురి చెయ్యి పట్టుకుని వచ్చిన తండ్రి ఒక పుస్తకాన్ని కౌంటర్ మీద పడేశాడు.

‘మేడం, గీ బుక్కు మా బిడ్డకు ఎట్ల ఇచ్చిన్రు? గీ బొమ్మలేంది? ముందుగల్ల దీన్ని తీసేయున్రి.’

అది ఎదిగే వయసులో ఒంట్లో వచ్చే మార్పుల గురించి పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లల కోసం రాసిన తెలుగు అనువాదం. 48 పేజీలు, పెద్ద సైజు, రంగుల అట్ట. 22, 23 పేజీల్లో ఆడ, మగ శరీరాల గీతల బొమ్మలు, పక్కన భాగాల పేర్లు. తండ్రి వేలు ఆ రెండు పేజీల మీదే ఉంది.

ఈ శాఖ, ఈ తండ్రి, ఈ పుస్తకం ఏ ఒక్కచోటివీ కావు. హైదరాబాద్ నగరంలో పిల్లల విభాగం ఉన్న శాఖల్లో ఎదురయ్యే చిక్కులను ఒకచోట చేర్చి, పని నేర్చుకునే వాళ్లకు పనికొచ్చేలా ఒకే కేసుగా రాసింది ఇది. కేసులోని రోజులు, పేజీలు, నంబర్లు అందుకోసం పెట్టుకున్నవే. చట్టాలు, నిబంధనలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

పుస్తకం ఆ పాప చేతికి ఎలా వచ్చింది

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఇదే. పుస్తకం మంచిదా చెడ్డదా అన్న వాదన తర్వాత. పిల్లల పుస్తకాల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం పుస్తకంలోని రాతలో ఉండదు, అది ఆ చేతికి చేరిన దారిలో ఉంటుంది.

శాఖా గ్రంథాలయాల్లో పుస్తకాల ఎంపిక సాధారణంగా శాఖ చేతిలో ఉండదు. పైనుంచి కట్టలు వస్తాయి. కొన్ని రాష్ట్ర స్థాయి కొనుగోలువి, కొన్ని 1972లో ఏర్పడిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ పథకాలవి, కొన్ని దాతలవి. కట్ట విప్పి ముద్ర కొట్టి, యాక్సెషన్ నంబరు (శాఖ రిజిస్టర్లో ఆ పుస్తకానికి ఇచ్చే వరుస నంబరు) వేసి, వీపు మీద చీటీ అంటించి ర్యాక్‌లో పెడతారు. ఈ పుస్తకానికి డ్యూయీ నంబరు, అంటే విషయాన్ని బట్టి వేసే వర్గీకరణ నంబరు, 612.6 సరిగానే పడింది. తప్పు దాని తర్వాత జరిగింది. పెద్ద సైజు, సన్నటి పుస్తకాలు పై అరల్లో నిలబడవు, జారిపోతాయి. అందుకని అటెండర్ వాటన్నిటినీ కింది అరలో, బొమ్మల పుస్తకాల పక్కన సర్దాడు. ఎత్తును బట్టి సర్దితే చూడ్డానికి ర్యాక్ ముచ్చటగా ఉంటుంది. కింది అర మాత్రం ఆరేడేళ్ల పిల్లల అర. రంగుల అట్ట చూసి పాప తీసుకుంది, రద్దీలో అట్ట మాత్రమే చూసి కౌంటర్లో ఇష్యూ చేశారు.

అంటే ఫిర్యాదులో సగం నిజం. ఆ సగాన్ని మొదటి రోజే, పూర్తిగా, సణగకుండా ఒప్పుకోవాలి. మిగతా సగం మీద ఏ మాటా ఇవ్వకూడదు. ఈ కేసు అంతా ఈ రెండు సగాలను కలవకుండా చూసుకోవడమే.

మొదటి పది నిమిషాలు

కౌంటర్ ముందు నిలబెట్టి మాట్లాడితే వరుసలో ఉన్నవాళ్లంతా జడ్జిలవుతారు. లైబ్రేరియన్ లేచి పక్క బల్ల దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది, కౌంటర్లో అటెండర్‌ను కూర్చోమంది. ఇద్దరు సిబ్బంది లేని చోట ‘ఈ నలుగురికీ ఇష్యూ చేసి వస్తాను, కూర్చోండి సార్’ అని చెప్పి నిజంగానే నలుగురి తర్వాత రావాలి. మంచినీళ్లు ఇవ్వడం మర్యాద కోసమే కాదు, నీళ్లు తాగే మనిషి ఆ అరనిమిషం అరవడు.

పాప పక్కనే నిలబడి ఉంది. తన వల్లే గొడవ అని ఆ వయసు పిల్లలు వెంటనే అనుకుంటారు. లైబ్రేరియన్ ముందు ఆమెతోనే మాట్లాడింది: ‘నీ తప్పేం లేదమ్మా. పో, ఇంకో పుస్తకం చూసుకో.’ పిల్లను అక్కడే నిలబెట్టి ‘ఏ పేజీ చూశావు, ఎవరు చూపించారు’ అని అడగడం అస్సలు కూడదు. ఒకవేళ ఇలాంటి పుస్తకం చదివిన పిల్లో పిల్లాడో తమను ఎవరో తాకారని చెబితే అది ఇక పుస్తకం ఫిర్యాదు కాదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు కౌంటర్ అద్దం కింద రాసి ఉంచుకోవాలి, వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు.

తండ్రిని అడగవలసినవి నాలుగే. పుస్తకం ఎప్పుడు, ఏ అరలోంచి తీసుకున్నారు? ఇబ్బంది అనిపించింది ఏ పేజీ? మిగతాది చదివారా? ఇప్పుడు ఏం జరగాలని మీరు కోరుకుంటున్నారు? మూడో ప్రశ్నను నిలదీసినట్టు అడగకూడదు, ‘చదవకుండా వచ్చారా’ అన్న ధ్వని వస్తే పని చెడుతుంది. నాలుగో ప్రశ్న అన్నిటికంటే విలువైనది. కోపంగా వచ్చినవాళ్లు మొదట ‘తీసేయున్రి’ అంటారు. కూర్చుని ఐదు నిమిషాలు మాట్లాడాక చాలామంది అసలు కోరేది బయటపడుతుంది: ‘మా బిడ్డ అసొంటి చిన్నపిల్లలకు దొరకద్దు.’ ఈ రెంటికీ చాలా దూరం ఉంది. రెండోది గ్రంథాలయం ఆ రోజే చేయగలిగిన పని.

నోట్లోంచి రాకూడని మాటలు కూడా ఉన్నాయి. ‘పైనుంచి పంపారు సార్, మాకేం తెలుసు’ అంటే ర్యాక్‌లో ఏముందో చూసే దిక్కు లేదని ఒప్పుకున్నట్టే. ‘పిల్లలు ఏం తీసుకుంటున్నారో మీరే చూసుకోవాలి’ అన్నది నిజమే కావచ్చు, కానీ ఆ నిమిషంలో అది నిప్పు మీద నెయ్యి. అన్నిటికంటే ప్రమాదకరమైనది మెత్తటి మాట: ‘సరే లెండి, తీసేస్తాం.’ మనిషి శాంతించి వెళ్లిపోతాడు. మరుసటి వారం ఇంకొకరు దయ్యాల కథలు తీసేయమని, ఆపై వారం మరొకరు కోడికూర బొమ్మ ఉన్న పుస్తకం తీసేయమని వస్తారు, ఆయనకు తీశారుగా అంటారు.

‘మా ట్యాక్స్ పైసలతోనే గదా మేడం ఇవన్ని కొనేది?’ అని తండ్రి అన్నాడు. దీనికి తడబడనక్కర్లేదు. అక్షరాలా నిజం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. ‘అవును సార్, మీ డబ్బే. అందుకే మీ మాట కాగితం మీద పెట్టి సంతకం చేసివ్వండి, జవాబు కాగితం మీదే వస్తుంది’ అని లైబ్రేరియన్ చెప్పింది. పక్క వీధి అమ్మాయి తల్లిదండ్రులు కట్టిన సెస్సు కూడా అందులో ఉందన్న మాట అప్పుడు అనలేదు. ఆ మాటకు చోటు జవాబు లేఖలో.

పుస్తకాన్ని అక్కడికక్కడే మామూలుగా రిటర్న్ తీసుకుని పాప కార్డు మీద కొట్టేశారు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలాచోట్ల దీన్ని మరిచిపోతారు. పుస్తకం కార్డు మీదే ఉండిపోయి, రెండు వారాల తర్వాత జరిమానా లెక్క ఎదురైతే చల్లారిన గొడవ మళ్లీ రాజుకుంటుంది. పేజీ చింపి తెచ్చినా ఆ పూట డబ్బు సంగతి ఎత్తకూడదు. చినిగిన పేజీ ఫొటో తీసి, రిజిస్టర్లో రాసుకుని, నిర్ణయం వచ్చాక చూసుకోవచ్చు.

ఒక్క పేజీ ఫారం

ఫిర్యాదు ఫారం ఒక్క పేజీ దాటకూడదు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు నాలుగింటిలోనూ ఉండాలి, నగరంలో ఏ శాఖకైనా ఇది తప్పదు. అందులో పుస్తకం పేరు, యాక్సెషన్ నంబరు, పేజీ, అభ్యంతరం ఏమిటి, పుస్తకం మొత్తం చదివారా కొంతా, ఏం చేయాలని కోరుతున్నారు, పేరు, ఫోను, తేదీ. పిల్ల పేరు అడగొద్దు, వయసు చాలు. కాగితం రేపు ఎవరి చేతికి పోతుందో తెలియదు, సమాచార హక్కు దరఖాస్తులో బయటికి రావచ్చు.

రాయడం రానివాళ్లకు, రాయడానికి జంకేవాళ్లకు సిబ్బందే రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. రాసేటప్పుడు వాళ్ల మాట వాళ్ల మాటగానే ఉండాలి. ‘చిన్న పిల్లలకు ఈ బొమ్మలు మంచిగ లేవు’ అని చెప్పిన మనిషి ఫారంలో ‘అశ్లీల చిత్రములు’ అని పడితే ఫిర్యాదు స్వభావమే మారిపోతుంది, అశ్లీలం చట్టంలో నేరం పేరు. ఫారం కింది భాగం చింపి రసీదుగా ఇస్తారు: ఫిర్యాదు నంబరు 7, జవాబు 21 రోజుల్లో. సమాచార హక్కు చట్టంలో గడువు 30 రోజులని అందరికీ తెలుసు, అంతకంటే తక్కువ పెట్టుకుంటే నమ్మకం కుదురుతుంది. మరీ వారం రోజులని పెట్టుకుంటే నిలబెట్టుకోలేరు, ఎందుకో కింద తెలుస్తుంది.

ఆ సాయంత్రమే పుస్తకాన్ని కింది అర నుంచి పెద్ద పిల్లల అరలోకి మార్చారు. రిజిస్టర్లో దీన్ని ‘అమరిక సవరణ’ అని విడిగా రాశారు. ఫిర్యాదు మీద చర్య అని రాయలేదు. తప్పు చోట ఉన్న పుస్తకాన్ని సరైన చోట పెట్టడం ఒకటి, అభ్యంతరం వచ్చిందని పుస్తకాన్ని తప్పించడం ఇంకొకటి. పరిశీలన నడుస్తున్నంత కాలం, సభ్యులు చదువుతున్న రోజులు తప్ప, పుస్తకం పాఠకులకు దొరుకుతూనే ఉండాలి.

బీరువా

ఇక్కడే కేసు పట్టాలు తప్పింది. ఆదివారం రాత్రి కాలనీ వాట్సాప్ గ్రూపులో 22వ పేజీ ఫొటో ఒక్కటే వచ్చింది, అట్ట లేదు, వయసు సూచన లేదు. గ్రూపులోనే ఉన్న గ్రంథాలయ ఉద్యోగి ఒకరు మంచి ఉద్దేశంతోనే సొంత ఫోన్ నుంచి ‘తీసేశాం’ అని చేతులు జోడించిన బొమ్మతో జవాబిచ్చారు. సోమవారం ఉదయం ఆ మాట నిజం చేయడానికి పుస్తకం తెచ్చి ఆఫీసు గది బీరువాలో పెట్టి తాళం వేశారు. లైబ్రేరియన్‌కు చెప్పలేదు.

బీరువాలో పెట్టడం అనేది మన గ్రంథాలయాల్లో పాత అలవాటు. చిక్కు వచ్చిన ప్రతిదానికీ అదే మందు. అక్కడికి చేరిన పుస్తకం మీద ఎవరూ నిర్ణయం తీసుకోరు, ఉంచారనీ కాదు, తీశారనీ కాదు. కారణం రాయరు, తేదీ రాయరు. మనిషి బదిలీ అయితే పుస్తకం ఎందుకు లోపలుందో చెప్పేవాడే ఉండడు. స్టాక్ వెరిఫికేషన్‌లో యాక్సెషన్ నంబరు ర్యాక్‌లో కనబడదు, పోయిన పుస్తకాల జాబితాలోకి ఎక్కుతుంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు 2017లో 215వ నిబంధన ఏడాదిలో ఇష్యూ అయిన లేక సంప్రదించిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడాన్ని సహజ నష్టంగా ఒప్పుకుంటుంది, అదీ నిర్లక్ష్యం లేదని తేలితేనే. సొంత బీరువాలో తాళం వేసి మరిచిపోయిన పుస్తకాన్ని ఆ ఐదింటిలో కలుపుకోవడం కంటే నవ్వులాట ఉండదు. పాత పద్ధతి ఇంకా నడిచే చోట ఆ నష్టం లైబ్రేరియన్ జీతంలో కోత దాకా కూడా రావచ్చు.

ఈ కేసులో దెబ్బ వెంటనే తగిలింది. ఫిర్యాదును పరిశీలించాల్సిన ముగ్గురిలో (వాళ్లెవరో కింద ఉంది) ఒకరు మంగళవారం పుస్తకం కోసం వస్తే దొరకలేదు. బుధవారం ఏడో తరగతి అమ్మాయి తల్లి సరిగ్గా అదే పుస్తకం అడిగితే ‘లేదమ్మా’ అన్నారు. గురువారం స్థానిక నాయకుడొకరు వచ్చి ‘మీరే తీసేసినమని ఒప్పుకున్నరు కదా, మల్లా పరిశీలన ఏంది’ అన్నాడు. ఒక్క ముక్క మెసేజీ గ్రంథాలయం అధికారిక నిర్ణయమైపోయింది. ఐదు రోజులు పోయాయి.

సరిదిద్దుకున్న తీరు ఇది. పుస్తకం తిరిగి పెద్ద పిల్లల అరలోకి వచ్చింది, బీరువాలోకి ఎప్పుడు వెళ్లి ఎప్పుడు వచ్చిందో ఫిర్యాదు రిజిస్టర్లో రాశారు, దాచలేదు. గ్రూపులో లైబ్రేరియన్ పేరుతో మూడు వాక్యాలు మాత్రమే పెట్టారు: ‘ఈ పుస్తకం 10 ఏళ్లు దాటిన పిల్లలది. చిన్నపిల్లల అరలో ఉండడం మా పొరపాటు, శనివారమే మార్చాం. పుస్తకం మీద రాతపూర్వక ఫిర్యాదు పరిశీలనలో ఉంది, చూడదలచినవారు గ్రంథాలయానికి వచ్చి పూర్తి పుస్తకం చూడవచ్చు.’ కింద వచ్చిన యాభై మెసేజీలకు జవాబివ్వలేదు. నాయకుడికి మర్యాదగా పూర్తి పుస్తకం చేతికిచ్చి కూర్చోబెట్టారు, అదే ఫారం ఆయనకూ ఇచ్చారు. పుస్తకం మాత్రం బయటికి పంపలేదు. ఆయన అట్ట వెనక వయసు చూసి, పది పేజీలు తిప్పి, ఫారం నింపకుండానే వెళ్లాడు.

ఈ దశలో సిబ్బంది చేసే మరో పని పేజీలు అంటించడం, మార్కర్‌తో నల్లగా పూయడం. అంటించిన పేజీని పిల్లలు ఊడదీయకుండా ఉండరు. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని పేజీ ఊరంతా చూసే పేజీ అవుతుంది. పైగా అది సర్కారు ఆస్తిని పాడుచేయడం.

ముగ్గురు, ఒకే కాపీ

పరిశీలనకు ముగ్గురు చాలు. లైబ్రేరియన్, దగ్గరి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఆరు నుంచి ఎనిమిదో తరగతులకు చెప్పే ఉపాధ్యాయురాలు, విషయం తెలిసిన మరొకరు. ఇక్కడ బస్తీ దవాఖానా వైద్యురాలు ఒప్పుకున్నారు. ఉర్దూ పుస్తకమైతే మూడో మనిషి ఉర్దూ చదివేవారై ఉండాలి. ఫిర్యాదు చేసినవాళ్లు కమిటీలో ఉండరు, కానీ రాతపూర్వకంగా ఏదైనా చేర్చవచ్చు.

గడువు 21 రోజులెందుకంటే శాఖలో ఉండేది ఒకే కాపీ. ఒక్కొక్కరికి నాలుగు రోజులనుకున్నా పన్నెండు రోజులు. కూర్చుని మాట్లాడుకునేందుకు ఒక రోజు, లేఖ రాయడానికి రెండు రోజులు. ఫొటోలు తీసి పంపుకుంటే త్వరగా అవుతుందని అనిపిస్తుంది. అలా చేస్తే అందరూ మళ్లీ 22వ పేజీ ఒక్కటే చూస్తారు. అట్ట నుంచి అట్ట దాకా చదవని సభ్యుడి అభిప్రాయం లెక్కలోకి రాదని ముందే చెప్పుకోవాలి.

పుస్తకాన్ని మొత్తంగా చూడడం మన సౌకర్యం కోసం పెట్టుకున్న నియమం కాదు. పిల్లలకు హాని చేసే ప్రచురణల మీద 1956లోనే దేశంలో చట్టం వచ్చింది, 20 ఏళ్ల లోపు వారందరికీ వర్తిస్తుంది. నేరాలు, క్రూరత్వం, జుగుప్స కలిగించే సంఘటనల కథలు మొత్తంగా చూసినప్పుడు పిల్లలను చెడగొట్టేలా ఉన్నాయా అని చూడమంటుంది. అశ్లీలం విషయంలో 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు పాత ఇంగ్లండ్ కొలబద్దను పక్కన పెట్టి, బొమ్మను దాని సందర్భంలో, సమకాలీన సమాజ ప్రమాణాలతో చూడాలని చెప్పింది. ఇక ఒక పుస్తకాన్ని జప్తు చేయాలంటే ఆ అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. గతంలో సీఆర్‌పీసీ 95, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 98వ సెక్షన్, దాని మీద హైకోర్టుకు వెళ్లే దారి కూడా ఉంది. శాఖా గ్రంథాలయానికి పుస్తకాన్ని నిషేధించే అధికారం లేదు. అది నిర్ణయించగలిగేది ఏ అరలో, ఏ వయసు వారికి, ఉంచాలా వద్దా అన్నంతవరకే. సభ్యులు ఈ మాట ముందే తెలుసుకుంటే చర్చ సగానికి తగ్గుతుంది.

ముగ్గురూ చూసినవి: సమాచారం సరైనదేనా, పాతబడిందా, ఎవరి కోసం రాశారో వాళ్ల భాషలో ఉందా, అభ్యంతరం వచ్చిన పేజీ తీసేస్తే పుస్తకం తన పని చేయగలదా, ఎవరినైనా కించపరుస్తోందా, ఇదే పని ఇంతకంటే బాగా చేసే పుస్తకం శాఖలో ఉందా. చివరి ప్రశ్నకు ‘లేదు’ అనే సమాధానం వచ్చింది. 612 కింద పిల్లలకు తెలుగులో ఉన్నది ఇదొక్కటే.

అసలు చర్చ జరిగింది వయసు మీద. గొడవ సద్దుమణుగుతుందని ఉపాధ్యాయురాలు 12 దాటిన వాళ్ల అరలో పెడదామన్నారు. వైద్యురాలు ఒప్పుకోలేదు. ఆడపిల్లల్లో ఈ మార్పులు సాధారణంగా 8 నుంచి 13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 9 నుంచి 14 మధ్య మొదలవుతాయి. 12 ఏళ్లకు పుస్తకం అందితే చాలామంది ఆడపిల్లలకు అది ఆలస్యం, ఐదారు తరగతుల్లోనే స్కూలు బాత్రూంలో భయపడే పిల్లలుంటారు. చివరికి ‘10+’ ఖాయమైంది. అట్ట లోపల ఒక చీటీ కూడా: ‘8, 9 ఏళ్ల పిల్లలు పెద్దవాళ్లతో కలిసి చదివితే మంచిది.’ చిన్నప్పటి నుంచే చదివించాలనే వాదనా లేకపోలేదు, ఏడేళ్ల పాప చేతికి సాయం లేకుండా వెళ్లాల్సిన పుస్తకం మాత్రం ఇది కాదు. ఆ మేరకు తండ్రిదే రైటు.

జవాబు

24వ రోజున లేఖ వెళ్లింది, గడువు మూడు రోజులు దాటి. 20వ రోజే ఫోన్ చేసి ఆలస్యం సంగతి చెప్పారు. లేఖ ఇది:

‘నమస్కారం. మీ ఫిర్యాదు నం. 7 పరిశీలన పూర్తయింది. రెండో తరగతి పాపకు 10 ఏళ్లు దాటిన పిల్లల పుస్తకం అందడం మా అమరికలో, ఇష్యూలో జరిగిన పొరపాటు. పుస్తకాన్ని అదే రోజు చిన్నపిల్లల అర నుంచి మార్చాం. అట్ట మీద వయసు గుర్తు వేశాం. ముగ్గురు సభ్యులు పుస్తకం పూర్తిగా చదివారు. మీరు చూపిన 22, 23 పేజీల బొమ్మలు శరీర భాగాల పేర్లు చెప్పడానికి వేసినవి. సమాచారం సరైనది, 10 ఏళ్లు దాటిన పిల్లలకు అవసరమైనది అని సభ్యుల అభిప్రాయం. అందువల్ల పుస్తకం గ్రంథాలయంలో ఉంటుంది. మీ పాప ఏం చదవాలో నిర్ణయించే హక్కు మీది. ఇతర పిల్లల విషయంలో ఆ హక్కు వారి తల్లిదండ్రులది. మధ్యలో పుస్తకం ఐదు రోజులు అందుబాటులో లేకపోవడం, జవాబు మూడు రోజులు ఆలస్యం కావడం మా లోపాలే. ఈ నిర్ణయం సమ్మతం కాకపోతే 30 రోజుల్లో నగర గ్రంథాలయ సంస్థ కార్యదర్శి గారికి రాయవచ్చు.’

‘అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అన్న వాక్యం కావాలనే పెట్టలేదు. ఏ తప్పు జరిగిందో చెప్పకుండా తప్పించుకునే వాక్యమది, బస్టాండులో కూడా వినిపిస్తుంది.

తండ్రి పైకి రాయలేదు. లేఖ తీసుకునేటప్పుడు ఆయన అడిగింది వేరే: ‘మా బిడ్డ కార్డు మీద రాసి పెట్టుకోన్రి మేడం, పెద్దపిల్లల బుక్కులు ఇయ్యద్దని.’ ఇది న్యాయమైన కోరికే, చేయగలిగినంత వరకే మాట ఇవ్వాలి. కార్డు మీద ఒక గుర్తు పెట్టారు, కౌంటర్లో ఇష్యూ చేసేటప్పుడు చూస్తారు. గ్రంథాలయంలో కూర్చుని ఏ పుస్తకం తిరగేసినా ఆపడానికి కాపలా ఉండదని అప్పుడే చెప్పారు. కార్డు మీద ప్రస్తుతం ఉన్న పుస్తకాలు తల్లిదండ్రులకు చెప్పవచ్చు. పద్నాలుగేళ్ల కొడుకు నిరుడంతా ఏమేం చదివాడో జాబితా ఇమ్మంటే ఇవ్వకపోవడమే మేలు. రిటర్న్ అయిన పుస్తకాల చరిత్రను అసలు భద్రపరచకుండా ఉంటే ఆ చిక్కే రాదు.

ర్యాక్ మొత్తం ఒకసారి

కేసు ముగిశాక పిల్లల ర్యాక్‌లు రెండూ ఖాళీ చేసి చూశారు. అట్ట, విషయసూచిక, నడిమి పేజీలు, ముద్రణ సంవత్సరం చూస్తూ పోతే ఒక మనిషి గంటకు పాతిక ముప్పై పుస్తకాలు చూడగలరు. మూడు రంగుల చుక్కలు: పచ్చ 7 లోపు, పసుపు 7 నుంచి 10, నీలం 10 దాటినవారికి. వీపు కింది అంచు నుంచి 3 సెంటీమీటర్లు వదిలి అంటించి, మీద పారదర్శక టేపు. అట్టకు అంటిస్తే ర్యాక్‌లో కనబడవు, టేపు లేకపోతే నెలలో ఊడిపోతాయి. ఎత్తు పుస్తకాలను ఇక ఎత్తును బట్టి కలపడం లేదు. పై అరలో జారకుండా ఇనుప బుక్ ఎండ్లు పెట్టారు, అసలు సమస్యకు పరిష్కారం అంతే ఖర్చు.

ఈ తిరగేతలో ఎవరూ ఫిర్యాదు చేయనివి, చేయాల్సినవి బయటపడ్డాయి. విదేశాల నుంచి వచ్చిన దానం పెట్టెలోని పిల్లల అట్లాసులో దేశ సరిహద్దు తప్పుగా ఉంది. సర్వే ఆఫ్ ఇండియా పటానికి విరుద్ధమైన పటం ప్రచురించడం 1961 నాటి క్రిమినల్ లా (సవరణ) చట్టం కింద నేరం, గ్రంథాలయం ప్రచురణకర్త కాకపోయినా అలాంటిది పిల్లల అరలో ఉంచాల్సిన పనిలేదు. ఒక పాత జానపద కథల సంకలనంలో దొంగ, మూర్ఖుడు ఎవరైతేనేం, కులం పేరుతోనే పిలుపు, ఆ పేరు మీదే నవ్వు. ఇక్కడ పిల్లల కోసం రాసింది కదా, పాతకాలం కదా అనే సాకు చెల్లదు. చాప మీద కూర్చుని ఆ కథ గట్టిగా చదివేటప్పుడు పక్కనే ఆ కులం పిల్ల ఉంటుంది. దాన్ని పిల్లల అర నుంచి తీసి, జానపద పరిశోధన చేసేవారికి పనికొస్తుందని పెద్దల విభాగం 398.2కి మార్చారు, కారణం, తేదీ, సంతకాలతో. ప్రథమ చికిత్స పుస్తకమొకటి కాలిన గాయానికి టూత్‌పేస్టు రాయమంటోంది. అది ఏ విభాగానికీ మార్చలేదు, రద్దు జాబితాలోకి వెళ్లింది. ఇలాంటివాటికి కమిటీ, 21 రోజులు అక్కర్లేదు. తప్పు సమాచారం తప్పే.

ఇంకో రకం ఫిర్యాదు ఉంది, దానికీ ఫారం అక్కర్లేదు. ‘ఈ కథలో భాష తప్పుంది, పిల్లలు ఖరాబైతరు’ అని తెలంగాణ యాసలో రాసిన పుస్తకం చూపిస్తారు, విచిత్రంగా అదే యాసలో మాట్లాడుతూ. ఇంట్లో అవ్వ మాట్లాడే మాట పుస్తకంలో కనబడితే తప్పెలా అవుతుందని నవ్వుతూ అడిగితే చాలామంది నవ్వేసి పోతారు.

ఉర్దూ అరను మాత్రం ఇంకా తిరగేయలేదు. చుక్కలు అంటించాలన్నా ముందు చదవాలి, శాఖలో ఉర్దూ చదివేవాళ్లు లేరు. పక్క వీధి పాఠశాలలో పనిచేసి రిటైరైన ఉర్దూ మాస్టారు రెండు మధ్యాహ్నాలు వస్తానన్నారు. అప్పటిదాకా ఆ అర ఎత్తును బట్టే ఉంది.